తాడుకు అవతలి కొస

బూట్ల గది,
సరస్సు ఒడ్డు,
గురువారం ఉదయం

అన్నయ్య గారికి,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. మేమిక్కడ క్షేమం, మీరూ వదినా అక్కడ క్షేమమని తలుస్తాను. మొదటి మాట అలవాటు కొద్దీ రాశాను. అది ఎంతవరకు నిజమో ఉత్తరం పూర్తయ్యాక మీరే తేల్చుకోండి.

నిన్న ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మంచు ఊడ్చే బండి మీద ఉన్నారో, మా నంబరు చూసి వదిలేశారో తెలియదు. రెండోదే అయినా నేను తప్పు పట్టను. అందుకని ఇది బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. సాయంత్రానికల్లా మీ ఇంటి గుమ్మంలో ఇస్తానని మాటిచ్చాడు. పోయిన నెల లాడ్జికి కోడిగుడ్లు తెచ్చిన తీరు తలుచుకుంటే కొంచెం బెంగగానే ఉంది గానీ, ఉత్తరం పగలదు కదా.

ఇక్కడి సంగతులు. ఈ ఏడు చలి బాగా ఆలస్యంగా వచ్చింది. పైన స్కీయింగ్ వాలు మీద మొన్నమొన్నటి దాకా గడ్డి కనబడుతూనే ఉంది. నేర్పే వాళ్లంతా లాడ్జి అరుగు మీద కూర్చుని పేకాడుకున్నారు. రోప్‌వే పెట్టెలకు పసుపు రంగు వేశారు. దూరం నుంచి చూస్తే తీగ మీద నిమ్మకాయలు ఆరేసినట్టుంది. లాడ్జి యజమాని వెనకవైపు ఇంకో అంతస్తు లేపాడు. ఆదివారం సరస్సు తెరుస్తున్నామని ముందే చాటించాడు కనుక గదులన్నీ నిండిపోయాయి. నా బూట్ల గదిలో ఊపిరాడటం లేదు. అరల నిండా స్కేటింగ్ బూట్లు, పొయ్యి చుట్టూ ఆరేసిన మేజోళ్లు. ఆ వాసన మీకు చెప్పనక్కర్లేదు. పొద్దున్నుంచి సానరాయి దగ్గరే కూర్చుంటున్నాను. మా అమ్మాయి లాడ్జి వంటింట్లో ఉంది, అల్లుడు రోప్‌వే మోటారు దగ్గర ఉన్నాడు. నల్లోడు ముసలివాడయ్యాడు. పోస్టు మనిషి గేటు తీస్తే కొండ అదిరేలా మొరిగేవాడు, గుర్తుందా. ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా పడుకుని ఉంటే అతనే దాటుకుని వస్తున్నాడు. మీ వాడికి పెద్దరికం వచ్చిందమ్మా అని అతనికి ఒకటే సంబరం.

మొన్న ఒకావిడ పిల్లలకు బూట్లు తొడిగి చూస్తూ, సరస్సు మీద మంచు గట్టిపడిందని మీకెలా తెలుస్తుందండీ అని అడిగింది. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. ఇద్దరు మనుషులు ఒకే తాడు నడుముకి కట్టుకుని వెళతారు. ముందువాడు అడుగడుగునా గునపంతో కొడతాడు. వెనకవాడు తాడంత దూరంలో ఆగి, ఊపిరి బిగబట్టి వింటాడు. గట్టి మంచు దబ్బుమని మొద్దుగా పలుకుతుంది, పలుచటిది ఖంగుమంటుంది. కొట్టేవాడికి తన బూట్ల చప్పుడూ తన ఆయాసమూ అడ్డొస్తాయి, అందుకే వినే పని వెనకవాడిది. తేడాగా వినబడితే తాడు గుంజుతాడు. ముందువాడు ఆగి అక్కడ ఎర్రజెండా పాతుతాడు.

బెజ్జం వేసి కొలవచ్చుగా అంది ఆవిడ. అదీ చేస్తారు, కానీ బెజ్జం అది పడిన చోటి సంగతే చెబుతుంది, పడవల షెడ్డు మూల అడుగున ఊట ఉంది, అది ఏటేటా కొంచెం కొంచెం జరుగుతుంటుంది అన్నాను. మరి ఆ ఇద్దరూ పొరపాటు పడితేనో అంది. దానికీ మన దగ్గర జవాబుంది కదా. తెరిచిన రోజు మొదటి అడుగు మంచు చూసినవాడి ఇంటిది. వాళ్లింటి పిల్లో పిల్లాడో అవతలి ఒడ్డు దాకా వెళ్లి తిరిగొస్తేనే మిగతావాళ్లు దిగుతారు. ఆ మాటతో ఆవిడ తృప్తిపడి బూట్లు కట్టించుకుని వెళ్లింది.

ఈసారి ఆ మొదటి అడుగు మా బుజ్జిది. మీరు వెళ్లేటప్పటికి నా మనవరాలు ఇంకా ఒకరి చెయ్యి పట్టుకుని జారేది. ఇప్పుడు ఆరేళ్లు నిండాయి, ఎవరి చెయ్యీ అక్కర్లేదు. ఎర్ర బూట్లు కొనిపించుకుంది. వాటిని మంచం కింద కాదు, మంచం మీద పెట్టుకుంటోంది.

ఆవిడకు నేను చెప్పనిది ఒకటుంది. ఇప్పుడు తాడుకు అవతలి కొసన మనిషి లేడు.

ఆ రోజు సంగతి రాయక తప్పదు. మిమ్మల్ని గునపం అనీ, మీ బావగారిని చెవి అనీ ఊరంతా పిలిచేది. మీరిద్దరూ కలిసి సరస్సు మీదకి వెళుతుంటే, అదిగో గునపం, దాని వెనకాల చెవి అనేవాళ్లు. ఆ పొద్దున పడవల షెడ్డు మూల మీరు కొట్టి ఆగారు. తాడు కదల్లేదు. ఇంకోసారి కొట్టారు. అప్పటికీ కదల్లేదు. మీరు ఒడ్డుకొచ్చి సరస్సు కమిటీ ముందే, బావా, నీకు వినపడటం లేదు, ఖంగుమంది, నువ్వు గుంజలేదు అన్నారు. ఆయన మొహం ఎర్రబడింది. దబ్బుమంటే గుంజమంటావా బావా, కాళ్లు వణుకుతుంటే ఆ మాట చెప్పు, ఇంట్లో కూర్చోబెట్టి ఉన్ని టోపీలు అల్లిస్తాం అన్నారు. అందరూ నవ్వారు. లాడ్జి యజమాని మరీ గట్టిగా నవ్వాడు, అప్పుడూ అతని గదులు నిండే ఉన్నాయి. ఆదివారం సరస్సు తెరిచారు. మంచు విరగలేదు. విరగలేదు కనుక మీది పిరికితనమైంది, ఆయనది అనుభవమైంది. మీరు తాడు తెచ్చి మా గుమ్మం పక్క మేకుకి తగిలించి, వస్తానమ్మా అని మాత్రం అని వెళ్లిపోయారు.

తర్వాత నేను చూసినవి చూసినట్టు రాస్తాను. వాటికి పేరు మీరు పెట్టండి.

పొయ్యి మీద కెటిల్ ఈల వేసి వేసి నీళ్లు ఇగిరిపోతే, పక్కనే కూర్చున్న మనిషి పేపరు చదువుతూనే ఉన్నారు. రేడియో పాడైందన్నారు. బాగు చేసేవాడు చూసి, దీనికేం రోగం లేదండీ, దీని సౌండు మీరు తిప్పిన తిప్పుడుకి పక్కింటి వాళ్లకే రోగం వచ్చి ఉంటుంది అన్నాడు. భోజనాల దగ్గర అందరికీ ఎడమ పక్కన కూర్చుంటున్నారు, కుడి చెవి అందరి వైపూ ఉండేలా. మొన్న అల్లుడు, మామయ్యా ఆ ఉప్పు ఇటివ్వండి అంటే, అవును నాయనా, ఆలస్యంగా వచ్చినా గట్టిగానే వచ్చింది చలి అన్నారు. అల్లుడు లేచి వెళ్లి ఉప్పు తెచ్చుకున్నాడు. అందరం నవ్వితే ఆయనా నవ్వారు, కొంచెం ఆలస్యంగా. బుజ్జి ఒక్కతే దీన్ని తేలిగ్గా తీసుకుంది. తాతయ్యకి ఏదైనా చెప్పాలంటే ముందు ఆయన గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంటుంది. అప్పుడు చెబుతుంది. ఆయనకు అంతా అర్థమవుతుంది.

చెవుల డాక్టరు దగ్గరికి వెళదామని అడిగాను. నువ్వు పిలిస్తే వినపడకపోవడం చెవుడు కాదే, అదృష్టం అన్నారు. ఇంకోసారి అడిగితే అన్నం ముందు నుంచి లేచిపోయారు. మూడోసారి అడగలేదు.

మీరు వెళ్లాక ఆ తాడు మేకు మీద చాలా రోజులుంది. మీ చోటికి ఎవర్ని పెట్టుకుంటారని కమిటీ అడిగితే, గునపం కొట్టడం నాకూ వచ్చు, వినడం ఎటూ వచ్చు, ఒక్కణ్ణి చాలు అన్నారు. మరుసటి చలికాలం మొదటి రోజు పొద్దున ఆ తాడు తీసి ఒక కొస తన నడుముకీ, ఇంకో కొస నల్లోడి ఛాతీకీ కట్టారు. ఊరు ఒక వారం నవ్వి, తర్వాత అలవాటు పడిపోయింది. సందర్శకులు ఫొటోలు తీసుకుంటారు. తెల్లటి సరస్సు మీద ముసలాయన, నల్లకుక్క. లాడ్జి వాళ్లు ఆ బొమ్మను కాగితాల మీద అచ్చు కూడా వేయించారు.

నేనూ తోడుకే అనుకున్నాను. పోయినేడు ఈ గది కిటికీలోంచి చూస్తుంటే విషయం తెలిసింది. ఆయన గునపంతో కొట్టాక మంచు వైపు చూడటం లేదు, కుక్క వైపు చూస్తున్నారు. నల్లోడు చెవులు నిక్కబొడిచి, ముందరి కాలెత్తి వెనక్కి జరిగితే అక్కడ జెండా పాతుతున్నారు. వాడు కదలకుండా నిలబడితే ముందుకు పోతున్నారు. మళ్లీ మళ్లీ చూశాను. ప్రతిసారీ అంతే.

అంటే మీరన్నది నిజమని ఆయనకు ముందే తెలుసు అన్నయ్యా. తెలిసే మిమ్మల్ని పంపించి, మీ చోట కుక్కను కట్టుకున్నారు.

నాకు ఒళ్లు మండింది. తర్వాత నెమ్మదించాను కూడా, అబద్ధమెందుకు. పోయినేడు నల్లోడు షెడ్డు మూలంతా జెండాలు వేయించాడు. కమిటీ వాళ్లు బెజ్జం వేస్తే అక్కడ మంచు అరచేతి మందం కూడా లేదు. చెవిగారి చెవి ఇంకా మొద్దుబారలేదని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోలు ఆయన తీసుకున్నారు, బిస్కెట్టు వాడు తీసుకున్నాడు. సరే, ఎవరు విన్నారన్నది ముఖ్యం కాదు, విన్నారా లేదా అన్నదే ముఖ్యం అని సర్దుకున్నాను.

ఈ ఏడు సర్దుకోలేకపోతున్నాను.

మొన్నా నిన్నా ఆయన సరస్సు మొత్తం తిరిగారు. ఒక్క ఎర్రజెండా కూడా పడలేదు. సంబరంగా ఇంటికొచ్చారు. ఈ పదేళ్లలో ఇలాంటి మంచు చూడలేదు, షెడ్డు మూల కూడా బండరాయిలా ఉంది, నల్లోడు ఒక్క చోట కూడా వెనకాడలేదు అన్నారు. అదే మాట లాడ్జి యజమానికీ చెప్పారు. అతను ఇంకా సంబరపడ్డాడు. అయితే పిల్లల స్కేటింగ్ పందెం ఈసారి షెడ్డు మూల మీదుగా తిప్పుదాం, అరుగు మీద కూర్చున్నవాళ్లకు బాగా కనబడుతుంది అన్నాడు. కమిటీ బెజ్జాలు కూడా వేసింది, అరుగుకి ఎదురుగా, నడవడానికి దగ్గరగా ఉన్నచోట. అక్కడ మంచు మందంగానే ఉంది. అక్కడ ఎప్పుడు పలుచగా ఉంది కనుక.

నేను మంచు చూసేదాన్ని కాదు. కానీ కిటికీ పక్కన కూర్చునేదాన్ని. చలి ఆలస్యంగా వచ్చింది. సరస్సంతా గట్టిపడ్డాక కూడా షెడ్డు మూల బాతులు నీళ్లలో ఈదుతూ కనబడ్డాయి, నేను కళ్లారా చూశాను. అవి ఎగిరిపోయి ఎన్నాళ్లో కాలేదు. ఇంతలో అక్కడ బండరాయి ఎలా పుట్టిందని ఆయన్ను అడిగాను. బాతుల్ని కమిటీలో వేయిద్దాం, నువ్వు కార్యదర్శిగా ఉండు అన్నారు. ఆయన ఆ మూల నడిచారు, విరగలేదు, అదీ నిజమే. కానీ ఒక మనిషిని మోసిన మంచు పందెం పిల్లలందరినీ ఒకేసారి మోయాలని ఎక్కడా లేదు. ఈ మాట నాకు మీరే చెప్పారు.

ఇంకొకటి. బుజ్జి బరువెంత. అది ఎర్ర బూట్లతో అవతలికి వెళ్లి నవ్వుకుంటూ తిరిగి రావచ్చు. అది తిరిగొచ్చింది కాబట్టే మిగతా ఊరంతా దిగుతుంది. ఇన్నేళ్లూ మనం మొదటి అడుగు అంటే హామీ అనుకున్నాం. కూర్చుని ఆలోచిస్తే, అది చిన్నపిల్లను పంపి పెద్దవాళ్లను నమ్మించడం. చూసినవాడు సరిగ్గా చూసినంత కాలం దానికి విలువ ఉంది, అంతే.

తాడు నాకు కట్టమని అడిగాను. నీ బరువుకు ఇంకో తాడు పేనించాలే అన్నారు. అయినా నాకు సాన మీద బ్లేడు చప్పుడు తెలుసు గానీ మంచు చప్పుడు తెలియదు. ఖంగుమన్నదీ దబ్బుమన్నదీ పక్కపక్కన వింటే చెబుతానేమో, ఒక్కటే వింటే చెప్పలేను. అది తెలిసినవాళ్లు ఈ కొండ మీద ఇద్దరే ఉండేవాళ్లు. ఒకరికి వినపడటం లేదు. ఇంకొకరు మీరు.

కమిటీకి నేనే చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. చెప్పొచ్చు. మొదట నవ్వుతారు, మీ మాటకు నవ్వినట్టే. నమ్మిన రోజున ఆయన చేతిలో గునపం లాక్కుంటారు. ఆయన వేసవిలో పడవలకు తారు పూస్తారు, అరుగు చెక్కలు మారుస్తారు, కానీ అవన్నీ చలికాలం వచ్చేదాకా కాలక్షేపానికే. పొద్దున్నే గునపం భుజాన వేసుకుని వెళ్లని చలికాలంలో ఆ మనిషి ఈ ఇంట్లో ఎలా తిరుగుతారో నేను ఊహించలేకపోతున్నాను. అందుకని ముందు మిమ్మల్ని అడుగుతున్నాను.

ఒక్కసారి రండి. వదినను కూడా తీసుకురండి, పందెం చూడటానికి వచ్చినట్టే రండి. ఆదివారం లోపల ఒక పొద్దున షెడ్డు మూల కొట్టి వినండి, చాలు. గట్టిగా ఉంటే నేను నోరు మూసుకుని బ్లేడ్లు నూరుకుంటాను. పలుచగా ఉంటే ఇద్దరూ కలిసి జెండాలు పాతండి. ఎవరు విన్నారో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మీ బావగారు మిమ్మల్ని చూసి మొహం తిప్పుకుంటారు, అది ఖాయం. కాసేపటికి, టోపీలు ఎన్ని అల్లావు బావా అంటారు, అదీ ఖాయం. ఆ మాటకు మీరు నవ్వగలిగితే రండి.

వదినకు నా నమస్కారాలు చెప్పండి. జవాబు రాయనక్కర్లేదు. బస్సు ఆగినప్పుడల్లా కిటికీలోంచి చూస్తుంటాను.

ఇట్లు
మీ చెల్లెలు

తా.క. ఉత్తరం మడిచి, బస్సు వచ్చేలోగా బుజ్జి బూట్లు నూరుదామని కూర్చున్నాను. పై అర మేకులు ఊడి, ఇనప బ్లేడ్ల బూట్ల వరుస మొత్తం నేల మీద పడింది. ఆ మోతకి లాడ్జి వంటింట్లోంచి మా అమ్మాయి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగి తొంగి చూశారు. నల్లోడు ఆ అర పక్కనే, అటు తిరిగి పడుకుని ఉన్నాడు. వాడి చెవి కూడా కదల్లేదు.

పోయాడేమో అనుకుని చెయ్యి వేశాను. ఉలిక్కిపడి లేచి తోక ఊపాడు. పళ్లెం తెచ్చి వాడి తల వెనక పట్టుకుని, దాన్ని సుత్తితో మోగించాను. కాలు నాక్కుంటూ కూర్చున్నాడు. ఈల వేశాను. పేరు పెట్టి పిలిచాను. అమ్మాయి కూడా పిలిచింది. కిటికీలోంచి సరస్సు వైపు చూస్తూ కూర్చున్నాడు, మంచివాడిలా.

వాడికి వచ్చింది పెద్దరికం కాదు అన్నయ్యా. ఈ ఏడు ఆ సరస్సును ఎవరూ వినలేదు.

పైన రాసినదాంట్లో ఒక్కసారి రండి అన్న మాట కొట్టేయండి. శనివారం మొదటి బస్సుకు రండి. నల్లోడి ఛాతీకి కట్టే తాడు తీసి మీరు తగిలించిన మేకుకే తగిలించాను. ఆయన ఇప్పుడు లాడ్జిలో కమిటీ వాళ్లతో పందెం దారి గీస్తున్నారు. ఇంటికి రాగానే బుజ్జి చేసినట్టే గడ్డం పట్టుకుని మొహం నావైపు తిప్పుకుని, కుక్క సంగతి చెబుతాను. నమ్మితే ఆయనే మీ కోసం బస్సు దగ్గర నిలబడతారు.

ఆయన నమ్మక, మీరూ రాకపోతే, ఆదివారం బుజ్జి దిగకముందు నేను ఒడ్డున నిలబడి మీరన్న మాటే అంటాను, ఈయనకు వినపడటం లేదు అని. ఆయన సరస్సు వైపు తిరిగి ఉంటారు కనుక ఆయనకు వినపడదు. మిగతా ఊరంతా వింటుంది.